పేపర్లో వీపు, రీలులో మొహం

జంషెడ్‌పూర్ నుంచి తిరిగొచ్చాక కూడా దేవుడి దగ్గర కర్పూరం వెలిగించాలంటే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతోంది. మా ఆయన నన్ను ‘భయాల పుట్ట’ అంటారు. ఆయన తప్పేం లేదు. గ్యాసు కట్టేశానో లేదో అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొచ్చే మనిషిని. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందేమోనని మెట్లెక్కుతాను. అలాంటిదాన్ని, రాత్రింబగళ్ళు కొలుములు మండే ఊరికి, తనంత తానే అంటుకోగల ఫిల్ము కోసం ఒక్కదాన్నే వెళ్ళొచ్చానంటే మా ఇంట్లోనే ఇంకా నమ్మడం లేదు.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెప్పాలి. విశాఖపట్నంలో ఒక చిన్న ట్రస్టు వాళ్ళకి పాత ఫొటోలు భద్రపరిచే గది ఉంది. పత్రికల ఆఫీసులు మూతపడ్డప్పుడు చెత్తలోకి పోయే నెగిటివుల్ని తెచ్చుకుని, దుమ్ము తుడిచి, కాపీలు తీసి, చల్లటి గదిలో దాచిపెడతాం. పేపర్లో అచ్చయ్యేది ఒక్క ఫొటో. దానికోసం ఫొటోగ్రాఫరు ఇంకెన్నో తీసి ఉంటాడు. మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తుంటే, ఆయన భుజం వెనక నిలబడ్డ జనం ఏం కట్టుకున్నారో, ఏం తింటున్నారో, చంకలో పిల్లాడికి చొక్కా ఉందో లేదో ఆ అచ్చుకాని వాటిలోనే కనిపిస్తుంది. మంత్రిగారి సంగతి ఎలాగూ ఎక్కడో రాసి పెడతారు. మిగతా వాళ్ళకి ఆ రీలు తప్ప వేరే దిక్కు లేదు.

ఒకరోజు జంషెడ్‌పూర్ నుంచి ఫోను. పేరు అప్పలరాజు, టాటానగర్‌లో గూడ్సు బండి గార్డు. వాళ్ళ నాన్న అక్కడి ఒక పత్రికలో ఫొటోగ్రాఫరు. ఆ పత్రిక మూతపడి చాలా ఏళ్ళయింది. బయట పారేసిన నెగిటివులన్నీ ఆయన ఇంటికి మోసుకొచ్చి ఒక ఇనుప పెట్టెలో పెట్టాడట. ఆయన పోయాడు. ఇప్పుడు కొడుకు రిటైరవుతున్నాడు, రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

“మా నాన్నవే కాదు మేడమ్, ఆయనకి పని నేర్పిన బెంగాలీ బాబు రీళ్ళు కూడా ఉన్నాయి అడుగున. యుద్ధం నాటియంట,” అన్నాడు.

ఆ మాట వినగానే నేను కుర్చీలోంచి లేచాను. ఆ కాలపు ఫిల్ములో ఒక రకం ఉంది. పాతబడి పాడైన కొద్దీ దానికి వేడి సరిపోతుంది, నిప్పే అక్కర్లేదు. ఒకసారి అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. “పెట్టెకి వేడి తగలనివ్వకండి, తెరవకండి,” అన్నాను. “తెరవటవా? మా నాన్న దానికి లక్కతో సీలేసేశాడు మేడమ్. గాలి కూడా దూరదు,” అన్నాడు ధీమాగా. గాలి దూరకపోవడమే ప్రమాదం. ఆ మాట ఫోన్లో చెప్పలేకపోయాను.

రైల్లో

సెప్టెంబరు. వానలు వెళ్ళీ వెళ్ళని ఉక్కపోత. నా ఎదురు సీటులో టెక్కలి దగ్గరావిడ, మొగుడు టెల్కో కాలనీలో కాంట్రాక్టు క్యాంటీన్లో వంటవాడు. ఆవిడ సంచిలో చింతకాయ పచ్చడి జాడీ, కాగితంలో చుట్టిన ఎండునెత్తళ్ళు. ఆ వాసనకి పై బెర్తులో హిందీ ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడకి అదేం పట్టలేదు.

“ఏటి పని మీద ఎల్తన్నారమ్మా?”

“పాత ఫొటోలు తేవడానికి.”

“పాతయెందుకమ్మా? సెల్లులో కొత్తయి తీసుకోవచ్చు గదా?” అని నవ్వి, నా చేతిలో రెండు జంతికలు పెట్టింది. నేను తింటూ కూర్చున్నాను.

బాత్రూం పక్కన ఎవరో బీడీ కాలుస్తున్నారు. తలుపు మీద బోర్డు: మండే స్వభావం గల వస్తువులు రైల్లో తీసుకువెళ్ళడం నేరం. మూడు భాషల్లో ఉంది. నాకు వచ్చిన రెండింటిలోనూ చదివాను. వచ్చేటప్పుడు ఏం మోసుకొస్తానో తెలియదు కాబట్టి, ఆ బోర్డు నన్ను ఉద్దేశించే రాసినట్టు అనిపించింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

బర్మామైన్స్

టాటానగర్ స్టేషన్లో దిగగానే కనిపించేవి ‘ముందు భద్రత’ బోర్డులు. గోడ మీద, బస్సు వెనక, హెల్మెట్ మీద, ఆఖరికి టీకొట్టు రేకు మీద కూడా. మాకు పనికొచ్చే మాట కూడా అదే. ప్రమాదం లేని ఫిల్ము అంచున ‘సేఫ్టీ’ అని సన్నగా అచ్చు ఉంటుంది. అది లేని ముక్క దొరికితే జాగ్రత్తపడాలి. ఊరంతా ఆ మాటే ఉన్నా నాకు ధైర్యం మాత్రం రాలేదు.

ఆటోల్నీ, లారీల్నీ కడుగుతున్నారు. మర్నాడు విశ్వకర్మ పూజ. మన దగ్గర దసరాకి ఆయుధపూజ చేసినట్టు ఇక్కడ ఈ రోజున ప్రతి యంత్రానికీ పూజ. ఆటోవాడు బండికి బంతిపూల దండ ఇప్పుడే కట్టేశాడు. అది కళ్ళకి అడ్డం పడుతుంటే మెడ సాచి దారి చూసుకుంటున్నాడు. నేను కమ్మీ వదల్లేదు.

అప్పలరాజు ఉండే రైల్వే క్వార్టరు బర్మామైన్స్ బస్తీలో ఒక ఇరుకు సందులో ఉంది. కిరాణా కొట్టు, సైకిలు రిపేరు, మళ్ళీ ఇల్లు, మళ్ళీ కొట్టు. ఒకింటి గోడే పక్కింటికీ గోడ. ఇక్కడ ఏదైనా అంటుకుంటే పరిగెత్తడానికి కూడా చోటు లేదు.

గుమ్మంలోనే అప్పలరాజు తల్లి నరసమ్మగారు ఎదురొచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉన్నారు. ముక్కుకి రెండు వైపులా పుడకలు. వెనకే మనవరాలు పింకీ, నర్సింగు చదువుతోంది. నరసమ్మగారు తెలుగులో ఏదడిగినా పింకీ హిందీలో జవాబిస్తుంది. ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉన్నట్టు లేదు.

“రామ్మా, రా. బండిలో ఏటైనా తిన్నావా? పెట్టి అదుగో,” అన్నారావిడ.

చూశాను. మూల నల్లటి ఇనుప పెట్టె. పూర్వం రైలు డ్రైవర్లు డ్యూటీకి మోసుకెళ్ళే లైను పెట్టె. అప్పలరాజు తాతది. మూత చుట్టూ ఎర్ర లక్క. మూత మీద పసుపు గుడ్డ, గుడ్డ మీద దేవుడి పటాలు, దండ వేసిన భర్త ఫొటో. వాటి ముందు, సరిగ్గా మూత మధ్యలో, నూనె దీపం వెలుగుతోంది.

నేను గబగబా పెట్టె దగ్గరికి వెళ్ళాను.

“పిన్నిగారూ, దీపం ఎప్పుడూ ఇక్కడేనా?”

“ఆయన పోయిన కాణ్ణించీ ఈ పెట్టె మీదే. పొద్దున్నా మాపటేలా. ఏం?”

“కాస్త కిటికీ దగ్గర పెడదామా? పెట్టెకి వేడి తగలకూడదు.”

నా మొహంలోకి ఒకసారి చూసి, దీపాన్ని తీసి కిటికీలో పెట్టారు. నేను వంగి లక్క పగిలిన చోట వాసన చూశాను. పులిసిన వాసన, దాని కింద ముక్కుని పొడిచే ఘాటు ఇంకోటి. ఆ రెండోది అంటుకునే రకం ఫిల్ముది, అదే నాకు భయం. ఉన్న విషయం అప్పుడే చెప్పాల్సింది. కానీ చెబితే వీళ్ళు పెట్టెని ఏ చెత్తకుప్పలోకో విసిరేస్తారు, ఒక ఊరి చరిత్ర పోతుంది. చెప్పకపోతే వీళ్ళే పోవచ్చు. నోటిదాకా వచ్చింది మింగేసి, రేపు పెరట్లో నీళ్ళు పెట్టుకుని నెమ్మదిగా చెబుదామనుకున్నాను.

సాయంత్రం అన్నం, ఎండునెత్తళ్ళ పులుసు, పక్కన ఇక్కడి వాళ్ళు ఉడికించి మెదిపి చేసే ఆలూ చోఖా. పులుసు మన శ్రీకాకుళం పులుసే, కాకపోతే ఆవనూనెతో చేశారు. మొదటి ముద్ద కష్టమైంది, మూడోదానికి అలవాటైంది. నరసమ్మగారు మా గది గురించి అడిగారు.

“ఎండ తగలదా అక్కడ?”

“అస్సలు తగలదు. ఏసీ ఆపేదే లేదు. మేం శాలువాలు కప్పుకుని పనిచేస్తాం.”

“అంత సల్లగానా!” అని పెట్టె వైపు చూశారు.

చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళి కెవ్వుమని అరిచాను. కప్పుల పైన ఆకాశం ఎర్రగా మండుతోంది. పింకీ పరిగెత్తుకొచ్చి, అటు చూసి, నవ్వు ఆపుకోలేకపోయింది. “ఆంటీ, వో తో కార్ఖానా హై! రోజ్ హోతా హై!” అంది. అది కార్ఖానా వెలుగు, రోజూ ఉండేదే. ఇంట్లో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

పూజ రోజు

తెల్లవారేసరికి ఊరంతా మైకులు. గదిలో చాప పరిచి అప్పలరాజు తన జెండాలు, టార్చిలైటు, విజిలు పెట్టాడు. మిక్సీ వచ్చింది. పింకీ స్కూటీని ఏకంగా గుమ్మం దాటించి లోపలికి తెచ్చారు. పెట్టె పక్కన తండ్రి కెమెరా. నరసమ్మగారు అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టారు. పెట్టెకి అందరికంటే పెద్ద బొట్టు.

పళ్ళెంలో కర్పూరం వెలిగింది. నేను గుమ్మంలో, పారిపోవడానికి వీలుగా నిలబడ్డాను. జెండాలకి హారతి, మిక్సీకి హారతి, స్కూటీకి హారతి. స్కూటీలో పెట్రోలుంది, అయినా నాకు దాని మీద ధ్యాస లేదు. ఆవిడ పెట్టె వైపు తిరిగారు. లక్క పగిలిన ఆ మూల వైపే పళ్ళెం వంగుతోంది.

“పిన్నిగారూ, పెట్టెకి వద్దు!”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పురోహితుడు ఉంటే లేచి వెళ్ళిపోయేవాడు.

“అదేటమ్మా? ఏటేటా ఇత్తన్నాను,” అన్నారు నరసమ్మగారు, పళ్ళెం చేతిలోనే ఉంది.

ఇక దాచడానికి లేదు. అంతా చెప్పేశాను. బెంగాలీ బాబు ఫిల్ము ఏ రకమై ఉండవచ్చో, పాడైతే ఎలా అంటుకుంటుందో, లక్క వేసి బిగించడంవల్ల లోపలి ఆవిరి లోపలే ఎలా ఉండిపోయిందో. నేను ఒక్కో మాటా చెబుతుంటే అప్పలరాజు మొహం పాలిపోయింది. ముప్పై ఏళ్ళకి పైగా పెట్రోలు ట్యాంకర్ల బళ్ళు నడిపించిన మనిషి. మండే సరుకంటే ఏమిటో నాకంటే అతనికే బాగా తెలుసు.

“అమ్మా, జరుగు. ఆటో పిలిసి సువర్ణరేఖ ఏట్లో పడేసొత్తాను దీన్ని. సందులో పిల్లలున్నారు,” అన్నాడు.

నరసమ్మగారు తొందరపడలేదు. పళ్ళెం తీసుకెళ్ళి పెరట్లో పెట్టి, కర్పూరం ఆరిపోయేదాకా నిలబడి, తిరిగొచ్చారు. పటాలు ఒక్కొక్కటే తీసి పింకీ చేతికిచ్చారు. ఆ పసుపు గుడ్డ మీద, పెట్టె మీద, కూర్చున్నారు.

“పడేత్తే నన్నూ కలిపి పడెయ్యి,” అన్నారు.

“అమ్మా, ఇది ఆటనుకున్నావేటి?”

“మీ అక్క ఉంది ఇందులో. నీకు గురుతునేదు. నువ్వు సంకలో ఉండీవోడివి.”

అప్పుడు చెప్పారావిడ, నా వైపు తిరిగి. అప్పలరాజు కంటే ముందు ఒక ఆడపిల్ల. సత్యవతి. ఆ ఏడు ఊళ్ళో నీళ్ళకి కటకట. కొళాయి దగ్గర క్యూ ఫొటో తెమ్మని ఆఫీసువాళ్ళు పంపారు. ఆయన దారిలో ఇంటికొచ్చి, కూతురి చేతికి చిన్న బిందె ఇచ్చి తీసుకెళ్ళి క్యూలో నిలబెట్టాడు.

“మా ఇంట్లో ఫొటో అన్నమాటే నేదమ్మా. పిలుం ఆఫీసుది. ఎన్ని తీసేవ్, ఎందుకు తీసేవ్ అని లెక్క అడిగీవోరు. సొంత పిల్లకి తీసుకుంటే దొంగతనం అనీవోడు ఆయన. అందుకని క్యూలో ఎట్టేడు, ఆఫీసు పన్లో పనిగా.”

కానీ పత్రిక ఫొటోకి ఒక నియమం ఉంది. తీస్తున్నట్టు ఎవరికీ తెలియకూడదు, కెమెరా వైపు ఎవరూ చూడకూడదు. చూస్తే ఆ ఫొటో పనికిరాదు. “సూడకే, ముందుకి సూడు అని ఎంత సెప్పినా ఇనదే! కెమెరా ఎనకాల వాళ్ళ నాన్న కదా ఉన్నాడు! సూసీది, నవ్వీది. ఆయన కసిరేడు. అప్పుడు అటు తిరిగింది. ఆ అటు తిరిగిందే పేపర్లో ఏసేరు. పేపర్లో దాని ఈపే వచ్చింది. మొహం రీల్లో ఉండిపోనాది.”

ఆ వానాకాలంలోనే పిల్లకి జ్వరం వచ్చింది. “ఒళ్ళు కాలిపోయీది. తడిగుడ్డ ఏత్తే ఆరిపోయీది, మళ్ళీ తడిపీదాన్ని,” అని ఆగారు. మళ్ళీ తడిపే పని లేని రోజు గురించి ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు.

“ఆయన రీలు తీసి సూళ్ళేకపోనాడు. బయమేసిందమ్మా. పత్రిక మూసేసినాక అన్నీ తెచ్చి సీలేసీసినాడు. నాకూ బయమే. కానీ ఇప్పుడు ఇంకో బయం వచ్చింది. దాని మొహం గురుతు రావటం నేదు. కళ్ళు మూసుకుంటే నీలగ, పింకీలగ, ఎవరిలగో వత్తంది.”

అప్పలరాజు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. కాసేపటికి, “మరైతే తెరవండి మేడమ్, ఇప్పుడే,” అన్నాడు. అని మళ్ళీ తనే నాలిక్కరుచుకున్నాడు. “ఇయ్యాల కాదు. ఇయ్యాల పనిముట్టు ముట్టకూడదు.”

నేను నిర్ఘాంతపోయాను. ఇంట్లో బాంబు లాంటిది ఉందని తెలిసి, దాన్ని చూసి వణుకుతూ కూడా, పూజ చేసిన పెట్టెని ఆ రోజు విప్పడానికి తల్లీ కొడుకుల్లో ఒక్కరూ ఒప్పుకోలేదు. కదపడానికి కూడా. వాదించాను. పింకీ కూడా హిందీలో వాదించింది. చివరికి నాకు అర్థమైంది, వాళ్ళ భయం ముందు నా భయం చిన్నది.

గ్యాసు సిలిండరు పెరట్లోకి పోయింది. రెండు వైపుల ఇళ్ళకీ వెళ్ళి అగరొత్తులు వెలిగించొద్దని అప్పలరాజు బతిమాలుకున్నాడు. ఆ రెండిళ్ళవాళ్ళూ పిల్లల్ని తీసుకుని కాసిడీహ్ పేటలో బంధువులింటికి పూజ చూడ్డానికి వెళ్ళారు. పెట్టె చుట్టూ తడి గోనెసంచులు కప్పాం. మాతో బయటికి రమ్మంటే నరసమ్మగారు రానన్నారు. పక్కన పీట వేసుకుని, చెంబుతో నీళ్ళు పోసి సంచులు తడుపుతూ కూర్చున్నారు. ఆరగానే మళ్ళీ తడిపేవారు.

సాక్చి

పొయ్యి లేదు కాబట్టి తిండికీ, టబ్బులకీ, చేతి తొడుగులకీ పింకీ నన్ను స్కూటీ మీద సాక్చి బజారుకి తీసుకెళ్ళింది; పూజయ్యాక బండి నడపడానికి మాత్రం పట్టింపు లేదట. ప్రతి మలుపులో విశ్వకర్మ విగ్రహం, ఏనుగు మీద కూర్చుని, చేతిలో సుత్తి. సగం కొట్లు మూసి ఉన్నాయి. తెరిచిన కొట్లో కూడా త్రాసుకి బొట్టు పెట్టి పక్కన పెట్టేశారు. బటర్ పేపరు అడిగితే కొట్టువాడు కత్తెర ముట్టనన్నాడు. “ఆజ్ నహీ కాటేంగే,” అని మొత్తం చుట్టే అంటగట్టాడు. ఇంత కాగితంతో ఏం చేస్తానని గొణుక్కున్నాను కానీ మర్నాడు అంతా అయిపోయింది.

లిట్టీ తిన్నాం. పిండి ఉండని నిప్పుల మీద కాల్చి, నెయ్యిలో ముంచి, వంకాయ చోఖాతో ఇస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు, ఇద్దరికి కడుపు నిండింది. నేను ఆ నిప్పుల కుంపటికి దూరంగా కూర్చుని తింటుంటే పింకీ చూసింది. ఈసారి నవ్వలేదు.

“ఆంటీ, దాదీ కో కుఛ్ హోగా తో నహీ?” అంది. నాయనమ్మకి ఏమీ కాదు కదా అని. ఏమీ కాదని గట్టిగా చెప్పలేకపోయాను. పద వెళదాం అన్నాను. తిరిగొస్తుంటే స్టేషను వైపు, ఇంటి దిక్కునే, పొగ కనిపించి పింకీ బండి వేగం పెంచింది. అది ఎవరో టైరు తగలబెట్టిన పొగ. సందు మొదట్లోకి వచ్చి, ఇల్లు ఇల్లులాగే ఉందని చూశాక పింకీ స్కూటీ ఆపి కళ్ళు తుడుచుకుంది.

పెట్టె తెరిచిన రోజు

మర్నాడు ఎండ రాకముందే పెట్టెని పెరట్లో నీడకి మోశాం. పక్కన నీళ్ళ టబ్బులు. అప్పలరాజు పెట్టెకి దణ్ణం పెట్టి లక్క గీకాడు. నేను మూత ఎత్తాను. ఘాటుకి అందరం దగ్గాం. పింకీ నా మణికట్టు పట్టుకుంది.

పైన అప్పలరాజు నాన్నగారి కవర్లు. వాటిని తీసి పక్కన పెట్టి, అడుగున ఉన్న బెంగాలీ బాబు డబ్బాలకి వెళ్ళాను. మొదటి డబ్బాలో ఫిల్ము లేదు. గోధుమరంగు పొడి మాత్రమే ఉంది. రెండోది తేనెలా కారుతోంది. ఊపిరి బిగబట్టి రెండింటినీ నీళ్ళలో ముంచాను. అలాంటివి మరికొన్ని. ఒక్కోదాన్ని ముంచినప్పుడల్లా నాకు రెండు రకాలుగా ఉండేది. ప్రమాదం తప్పిందన్న నిమ్మళం, ఏం పోయిందో కూడా ఎప్పటికీ తెలియదన్న దిగులు.

రెండు డబ్బాలు మాత్రం బాగున్నాయి. అంచున ‘సేఫ్టీ’ లేదు, కాబట్టి నాతో రైలెక్కవు. అక్కడికక్కడే పింకీ ట్యాబు తెర తెల్లగా పెట్టి, నీడలో, ఒక్కో ముక్కా దాని మీద కాసేపే ఉంచి ఫోనుతో కాపీ తీశాం. షిఫ్టు వదిలాక సైకిళ్ళ వరద. టాటానగర్ ప్లాట్‌ఫారం మీద చాపలు, బిందెలు, కోడితో సహా దిగిన ఒక కుటుంబం. ఆవిడ చీరకట్టు చూసి “మనోళ్ళే! మన పక్కోళ్ళే!” అని అప్పలరాజు అరిచాడు. బొగ్గు తట్టలు దించి జొన్నరొట్టె తింటున్న ఆడవాళ్ళు. వీళ్ళెవరి పేర్లూ ఎవరికీ తెలియవు. నేను భయపడటం కూడా మర్చిపోయి చూస్తుండిపోయాను. ఆ తర్వాత అప్పలరాజు కబురు పెడితే అగ్నిమాపక సిబ్బంది వచ్చి, ఆ రెండు డబ్బాలతో సహా టబ్బుల్లో ఉన్నదంతా మూత ఉన్న డ్రమ్ములో తీసుకెళ్ళారు. మమ్మల్ని తిట్టలేదు, ఇంకా నయం అన్నారు.

ఇక నాన్నగారి కవర్లు. అడుగు వరసలోవి ఆవిరికి కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లా అయిపోయాయి. నరసమ్మగారు పీట మీద కూర్చుని చూస్తున్నారు. నేను ఇటుక పక్కన పెట్టినప్పుడల్లా ఆవిడ మొహం చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు. సత్యవతి అందులో ఉంటే?

మధ్యాహ్నం దాటాక ఒక కవరులోంచి జారిన ముక్కలో కొళాయి కనిపించింది. బిందెల వరస. ఒక చివర ఆవిరికి బుడగలు లేచాయి. క్యూలో చిన్న పిల్ల. ఒక దాంట్లో అటు తిరిగి ఉంది. పక్కదాంట్లో ఇటు.

“పిన్నిగారూ.”

ఆవిడ లేచొచ్చి, నెగిటివుని ఆకాశానికి ఎత్తి చూశారు. నెగిటివులో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. పిల్ల జుట్టు తెల్లగా మెరుస్తోంది.

“జుట్టు నెరిసిపోనాదేటమ్మా దీనికి?” అన్నారు. తర్వాత తనే అన్నారు, “ఉంటే ఈపాటికి నెరిసీదే.”

పింకీ ఫోనులో దాన్ని మామూలు ఫొటోగా మార్చడానికి ఒక్క మీట నొక్కాలి. నరసమ్మగారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. “ఉండు. ముందు ఈ అమ్మని సూడనీ. మొహం ఉందో నేదో సూసి సెప్పమ్మా. నేకపోతే నాకు సూపించకు.”

నేను ఫోను తీసుకుని గోడ వైపు తిరిగాను. చాలా పాత ఫొటోలు చూశాను కానీ ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. నొక్కాను. బుడగలు చెవి దాకా వచ్చి ఆగాయి. మిగతాదంతా ఉంది. వంకర జడ, కిందకు జారుతున్న బిందె, ఊడిన ముందు పన్ను. చూడొద్దన్నా తండ్రి వైపే చూసి నవ్వుతోంది.

“ఉంది పిన్నిగారూ,” అన్నాను.

ఆవిడ ఫోనుని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశారు. ఏడుస్తారనుకున్నాం. “ఓలమ్మ! ఇన్నాళ్ళూ నాలగుంటాదనుకున్నాను. అచ్చం మా అత్త!” అని నవ్వి, ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చారు. అప్పలరాజు వెనకనుంచి తొంగి చూసి, అక్కా అని పిలవడం అలవాటు లేక, పేరు పెట్టి నెమ్మదిగా “సత్యవతి” అన్నాడు.

తిరుగు దారి

సాక్చిలో ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాం. ఈసారి కత్తెర ఆడింది. ప్రమాదం లేనివని ఒక్కో ముక్కా అంచు చూసి నిర్ధారించుకున్న వాటినే కొత్త డబ్బాల్లో సర్దుకున్నాను. సత్యవతి ఉన్న ముక్కని మాత్రం విడిగా బటర్ పేపరులో పెట్టి నరసమ్మగారికి ఇచ్చేశాను. ఆ ఉక్కపోతలో అది ఎక్కువ కాలం నిలవదని తెలుసు. తెలిసీ, అడగడానికి నోరు రాలేదు.

ఆటో ఎక్కబోతుంటే ఆవిడ వచ్చి దాన్ని నా చేతిలో పెట్టారు.

“ఇక్కడ ఎండ ఎక్కువమ్మా. జొరంతో పోయిన పిల్ల. తీసుకెల్లి మీ సల్ల గదిలో ఎట్టు.”

ఇప్పుడు అది మా గదిలోనే ఉంది. రోజూ ఆఫీసుకి వెళ్ళగానే ముందు ఆ గది చల్లదనం చూసుకుంటాను. మా వీధిలో కరెంటు పోయినప్పుడల్లా, అక్కడ కూడా పోయిందేమోనని వాచ్‌మన్‌కి ఫోను చేస్తున్నాను.